గున్వోరక్క గడియారపు గుండు

పాలబండి నడిపిన మనిషి దగ్గర పాలవాసన రావాలి. మా తొర్గ్రిమన్న దగ్గర మాత్రం ఎప్పుడూ అవిసె నూనె వాసనే. ఆదివారం నల్లకోటు వేసుకుని ప్రార్థనకు వచ్చినా, వెనక బెంచీలో కూర్చున్న నాకు ముందు ఆ వాసనే తగిలేది. ఆరాధన అయ్యాక కాఫీ పోసే పని మా అమ్మ తరవాత నాకు వచ్చింది. కాఫీ పోసేవాళ్ళకు మొహాలకన్నా చేతులు బాగా తెలుస్తాయి. కప్పు చాపిన చెయ్యి చూసి ఎవరింట్లో ఆవు ఈనిందో, ఎవరికి నిద్ర లేదో చెప్పగలను. తొర్గ్రిమన్న గోళ్ళ అంచుల్లో ఎప్పుడూ సన్నగా నల్లటి గీత ఉండేది. అది తుప్పు. ఎంత తోమినా పోయేది కాదు.

ఆయన పాత సైనిక తుపాకులు బాగుచేసేవాడు. మా తాతల కాలంలో సైన్యానికిచ్చిన క్రాగ్ తుపాకులు. పిడి పట్టి వెనక్కి లాగితే బోల్టు వెనక్కి వస్తుంది, తోస్తే ముందుకు పోయి తూటాను గొట్టం మొదట్లో కూర్చోబెడుతుంది. అవి ఈ లోయలో ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండేవి. కొన్ని అటక మీద, కొన్ని గొర్రెల కొట్టంలో, ఒకటైతే చిక్కుడు పాదుకు ఊతంగా కూడా ఉండేది. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి పాలు ఎత్తిన మనిషి కనక అవన్నీ ఆయన కంటబడేవి. "అమ్మా, ఆ కర్రకు బదులు నేనొక మంచి కర్ర తెచ్చిస్తాను, అది నాకిస్తావా?" అని అడిగేవాడట. అలా ఇరవై దాకా పోగయ్యాయి.

ఆయన పని ఓపిక పని. తుప్పును గీకేవాడు కాదు, నీళ్ళలో మరగబెట్టేవాడు. ఎర్రటి తుప్పు నల్లగా మారాక మెత్తటి ఇనప పీచుతో తుడిచేవాడు. తుపాకీ కర్రభాగం నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ వేసి, వాళ్ళావిడ ఇంగర్ ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టేవాడు. నొక్కు మెల్లగా పైకి లేచేది. "ఏమయ్యా, నా జాకెట్టు మీద తుపాకీ వాసనేంటి?" అని ఇంగరమ్మ ప్రతి శనివారం అరిచేది. ప్రతి శనివారం ఇస్త్రీ పెట్టె మాత్రం ఇచ్చేది.

అన్నిటికన్నా ఆయనకు నంబరు ముఖ్యం. క్రాగ్ తుపాకీలో ప్రతి ముఖ్య భాగం మీదా అదే నంబరు కొట్టి ఉంటుంది. పుట్టినప్పటి భాగాలన్నీ చెదరకుండా ఉన్న తుపాకీని ఆయన "ఇంటిల్లిపాదీ ఉంది" అనేవాడు. ఒకసారి బెర్గెన్ పట్నం నుంచి ఒకాయన కారులో వచ్చి తన తుపాకీ గొప్పగా చూపించాడు. తొర్గ్రిమన్న బోల్టు మీది అంకెలను గోటితో తడిమి, "ఈ నంబరుకు ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు బాబూ" అన్నాడు. ఎవరో కొత్తగా కొట్టిన నంబరది. ఆయన వెళ్ళాక మా అందరితో, "గొర్రె చెవి మీది గుర్తు కోత మార్చి పక్కవాడి గొర్రెను తనదనేవాడు, బోల్టు మీద నంబరు మార్చేవాడు, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవలసినవాళ్ళు" అన్నాడు. మేమంతా నవ్వాం. ఆ మాట అందరికీ గుర్తుండిపోయింది. అదే తరవాత ఆయనకు మొయ్యలేని బరువైంది.

గున్వోరక్క సంగతి చెప్పాలి. వాగు కింద నేస్ అనే ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. బంగాళాదుంపల రొట్టె ఆమె కాల్చినంత పల్చగా ఎవరూ కాల్చలేరు. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక కథ ఉంది. పెద్ద యుద్ధంలో జర్మన్లు మా దేశం పట్టిన వేసవిలో ఇళ్ళలోని తుపాకులన్నీ అప్పగించమని ఆజ్ఞ వచ్చింది. ఒక సాయంత్రం ఎగువన మో అనే ఇంటాయన వీళ్ళ వంటింట్లో కూర్చుని ఆమె తండ్రితో మాట్లాడాడు. ఈ పిల్ల బల్లకింద పిల్లితో ఆడుకుంటోంది. "తుపాకీ నా దగ్గర దాస్తాను, దాని బోల్టు నువ్వు దాచు. ఒక ఇంట్లో దొరికినా మొత్తం తుపాకీ దొరకదు" అని మో ఇంటాయన అన్నాడట. తరవాత మో ఇంటాయనను పట్టుకుపోయారు, జర్మన్ల ఖైదీల శిబిరంలోనే పోయాడు. ఆమె తండ్రి యుద్ధం ఆఖరి చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. బోల్టు ఎక్కడ పెట్టాడో భార్యకు కూడా చెప్పలేదు. ఇల్లంతా వెతికారు. దొరకలేదు.

మో ఇంటి కొడుకు హల్వర్ తండ్రిని చూడనేలేదు. తండ్రిని పట్టుకుపోయేనాటికి కడుపులో ఉన్నాడు. గున్వోరక్క కథ ఎత్తి, తను ఎరగని తండ్రి మాట చెబితే అతనికి ఒళ్ళు మండేది. "బల్లకింది కథ. పిల్లి చెప్పిందేమో" అనేవాడు. అతని దగ్గర తండ్రిదంటూ ఏమీ లేదు పాపం, ఒక ఫోటో తప్ప.

అలాంటిది, హల్వర్ పాత గడ్డి కొట్టం విప్పిస్తుంటే నేలపలకల కింద గోనెసంచిలో తుపాకీ దొరికింది. తిన్నగా తొర్గ్రిమన్న దగ్గరికి తెచ్చాడు.

"ఏరా పాలబ్బాయ్, ఉన్నావా?"

"రారా. చంకలో ఏంటది, చచ్చిన గొర్రెపిల్లా?"

"మా నాన్న" అన్నాడు హల్వర్. గోనెమూట బల్లమీద పెట్టి టోపీ తీశాడు.

తుపాకీకి బోల్టు లేదు. కొట్టంలోనే ఒక మూల డబ్బాలో పాత ఇనప ముక్కలు దొరికాయి. వాటిలో మూడు బోల్టులున్నాయి. హల్వర్ నాన్న ఊరి గురికాళ్ళ సంఘంలో తుపాకులు బాగుచేసేవాడు మరి. "దీని సొంత బోల్టు ఈ మూడింట్లో ఉందేమో చూడరా" అన్నాడు హల్వర్.

కబురు తెలిసి గున్వోరక్క ఇంటి చెప్పులు కూడా మార్చుకోకుండా వాగు దాటి వచ్చేసింది.

"బోల్టు లేదు కదా? చూశారా, లేదు కదా?"

"ఆగక్కా, ఇంకా తుడవలేదు" అన్నాడు తొర్గ్రిమన్న.

"తుడిచినా ఉండదు. అది మా నాన్న దగ్గరుంది."

"మీ నాన్న దగ్గరుంటే తెచ్చి చూపించు అక్కా" అన్నాడు హల్వర్. "అరవై ఏళ్ళుగా మేమూ చూడాలనే ఉన్నాం."

"నీకేం తెలుసురా, నువ్వప్పటికి పుట్టనేలేదు!" అంది అక్క. అయినా ఆ రోజు ఆమె మొహం వెలిగిపోయింది. సగం కథ నిజమని తేలింది. తక్కిన సగం తుపాకీలో ఉన్న ఖాళీయే చెబుతోంది.

మే పదిహేడు జెండా పండుగనాడు మా ఊరి పాత వస్తువుల ఇల్లు తెరవాలని అనుకున్నాం. నడిగదిలో ఈ తుపాకీయే పెడదామన్నారు. తొర్గ్రిమన్న చలికాలమంతా దాని పనిమీదే కూర్చున్నాడు. ఆ తరవాత జరిగినవి ఆయన తన నోటితో చెప్పినవే, నేను కల్పించినవి కావు.

మూడు బోల్టుల్లో రెండింటి మీద వేరే నంబర్లున్నాయి. మూడోదాన్ని తుప్పు తినేసింది, నంబరు ఉండవలసిన చోట గుంటలు తప్ప ఏమీ లేవు. "ఇది దానిదే కావచ్చు" అనుకున్నాడు. కాకపోవచ్చు అని కూడా అనుకున్నాడు. కానీ పేరున్న మనిషి. నడిగదిలో పెట్టే తుపాకీ ఇంటిల్లిపాదీ లేకుండా ఎలా? ఆ "కావచ్చు"ను పట్టుకుని గుంటలు నునుపు చేశాడు. అంకెల అచ్చుల డబ్బా తెరిచి, ఒక్కొక్క అంకె పెట్టి సుత్తితో కొట్టాడు. కొత్తగా మెరవకుండా వెనిగర్ రాశాడు. అప్పటికి ఆయన మనసులో గున్వోరక్క లేదు, ఆమె కథా లేదు. ఎదురుగా ఉన్నది ఇనుము, అంతే.

హల్వర్ వచ్చి చూశాడు. తుపాకీ మీది నంబరు, బోల్టు మీది నంబరు రెండూ వేలితో తడిమాడు. ఎప్పుడూ ఏడవని మనిషి కళ్ళు తుడుచుకుని తొర్గ్రిమన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయితే ఎవరికీ ఇవ్వలేదురా! మొత్తం తనే దాచాడు. ఒక్కడే మోశాడు."

ఆ క్షణంలో తొర్గ్రిమన్నకు తను చేసిందేమిటో అర్థమైంది. నోరు తెరిచాడు. హల్వర్ ఆ చెయ్యి వదలలేదు. ఆయన నోరు మూసుకున్నాడు.

పండుగనాడు ఊరంతా కొత్త బట్టలతో వచ్చింది. అద్దాల పెట్టె దగ్గర హల్వర్ చీటీ బిగ్గరగా చదివాడు: "బోల్టుతో సహా అన్ని భాగాలదీ ఒకే నంబరు. ఎన్నడూ విడిపోలేదు." చదివి గున్వోరక్క వైపు చూసి, "పిల్లి అబద్ధం చెప్పిందక్కా" అన్నాడు. కొందరు నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, పండుగ నవ్వు. నేను అప్పుడు కాఫీ పోస్తున్నాను. గున్వోరక్క ఇంకా తాగని కప్పు కింద పెట్టి, "రన్వేగూ, రొట్టెలు బుట్టలో ఉన్నాయి, పిల్లలకు పెట్టు" అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఆమె ఆ కథ మళ్ళీ ఎత్తలేదు. ఆదివారం చివరి బెంచీలో కూర్చునేది. రొట్టెలు తెచ్చేది, కానీ కాఫీ కాచే వంటగది గడప మీద పెట్టి వెళ్ళేది. ఒకసారి నాతో, "నేను నిజంగా విన్నానంటావా, లేక కలగన్నానా?" అంది. తను విన్న మాట మీదే ఆమెకు అనుమానం వచ్చేసింది. నేను ఆమె కప్పు అందుకుని కాఫీ పోశాను.

ఆ శీతాకాలం తొర్గ్రిమన్న రోజూ పొద్దున్నే వాగు దిగి ఆమె దారిలో మంచు తోసేవాడు. కట్టెలు కొట్టి పేర్చేవాడు. ఎంత మంచివాడో అని నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేదాన్ని. అక్క కూడా లోపలికి పిలిచి కాఫీ ఇచ్చేది. ఆయన గుమ్మంలోనే నిలబడి తాగేసి, కళ్ళెత్తకుండా వెళ్ళిపోయేవాడు. కాలికి మంచుందని అలా నిలబడుతున్నాడనుకుంది ఆవిడ.

వేసవి రాబోతుండగా అక్క గోడ గడియారం గొలుసు తెగింది. గడియారాన్ని నడిపే బరువు గుండు దబ్బున నేలమీద పడి అతుకు విడిపోయింది. రేకు గొట్టంలో ఇసుక, ఇనుము నింపి మూత టంకం వేసిన పాతకాలపు గుండు అది. ఆమె దాన్ని సంచిలో వేసుకుని తొర్గ్రిమన్న దగ్గరికి తీసుకెళ్ళింది.

"నాయనా, దీనికి కాస్త టంకం వేసిపెట్టు. గడియారం ఆగితే ఇల్లు ఇల్లులా లేదు. లోపల ఏదో లొడలొడమంటోంది, ఉన్నది ఉన్నట్టే పెట్టు, బరువు తగ్గకూడదు."

"రేపటికి ఇస్తానక్కా."

మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని టంకం కరిగించి మూత ఊడదీశాడు. ఇసుక వంపాడు. ఇసుకతో పాటు ఒక ఉన్ని ముద్ద జారింది. చిన్నపిల్ల చేతితొడుగు, గొర్రె కొవ్వు పట్టించి ఉంది, చెక్కలా బిగుసుకుపోయింది. విప్పితే అందులో బోల్టు. ఒక్క చుక్క తుప్పు లేదు. నంబరు చదవనక్కర్లేకపోయింది. తను కొట్టిన ఆరూ ఏడులే అక్కడా ఉన్నాయి. అయితే అసలు ఏడు కాలు కాస్త లోపలికి వంగి ఉంది, ఆయన కొట్టిన ఏడు తిన్నగా ఉంది. ఆ తేడా ఆయనొక్కడికే తెలుస్తుంది.

ఇన్నేళ్ళుగా గున్వోరక్క ప్రతి శనివారం గొలుసు లాగి పైకెత్తింది దాన్నే.

బోల్టు జేబులో వేసుకుని సరస్సు ఒడ్డు దాకా నడిచాడు. పడవలు కట్టే చెక్కవంతెన చివర నిలబడ్డాడు. అక్కడ నీళ్ళు చాలా లోతు. ఇసుకలో వేరే ఇనపముక్క వేసి మూత అతికిస్తే ఎవరికీ తెలియదు. అక్క తృప్తిగా తీసుకెళ్తుంది, తన పేరు నిలుస్తుంది, హల్వర్‌కు తండ్రి మిగులుతాడు. జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడే ఇంగరమ్మ వంటింటి కిటికీలోంచి పిలిచింది. "అక్కడ నిలబడి చేపల్ని చూస్తే కడుపు నిండుతుందా? దుంపలు చల్లారిపోతున్నాయి!"

ఉప్పుచేప, ఉడికిన దుంపలు. భోజనానికి ముందు వాళ్ళింట్లో ఇద్దరూ కలిసి కృతజ్ఞతాగీతం పాడతారు. ఇంగరమ్మ ఎత్తుకుంది. ఆయన గొంతు కలపలేదు. ఆమె ఒక్కతే ఆఖరిదాకా పాడి, "గొంతు నొప్పా?" అని అడిగింది.

ఆయన బోల్టు తీసి వెన్న పళ్ళెం పక్కన పెట్టాడు. అంతా చెప్పాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదెవరిది?"

"గున్వోరక్క వాళ్ళ నాన్న దాచింది."

"అయితే గున్వోర్‌కు ఇచ్చెయ్యి."

"ఇస్తే ఇంగర్, ఈ లోయలో నా పేరు..."

"నీ పేరు సంగతి నేనడగలేదు. బోల్టు ఎవరిదని అడిగాను" అంది. ముళ్ళు తీసిన చేపముక్క ఆయన పళ్ళెంలో వేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. గడియారం ఆగిన ఆ వంటిల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మొదటిసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చేతితొడుగు, బోల్టు బల్లగుడ్డ మీద పెట్టాడు. అక్క బోల్టును చూడనేలేదు. తొడుగు అందుకుంది.

"ఇది నాది! ఎర్ర అంచు చూడు. ఇది పారేసుకున్నానని అమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో. నాన్న పక్కనే కూర్చుని ఒక్క మాటనలేదు." నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. "ఇది ఎక్కడిది?"

ఆయన చెప్పాడు. గుండులో దొరికిందని చెప్పాడు. అద్దాల పెట్టెలో ఉన్న నంబరు తనే కొట్టానని చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్లగుడ్డ మీది కుట్టుపూలనే చూశాడట.

అక్క చివరికి అడిగింది. "చలికాలమంతా నా దారిలో మంచు తోసింది అందుకేనా?"

"అందుకే."

"నేను నిన్ను మంచివాడివనుకుని కాఫీ ఇచ్చాను."

ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, మాకు చెబుతున్నప్పుడు, తొర్గ్రిమన్న బెంచీల మధ్య నిలబడి కోటు గుండీ తిప్పుతూ ఉండిపోయాడు. ఆయన ఇదంతా చెప్పింది ఆదివారం, కాఫీ వేళ, అందరి ముందు. అక్క చెప్పమనలేదు, పాస్టరుగారూ చెప్పమనలేదు. "నలుగురి ముందు ఆమె మాట అబద్ధం చేశాను. వంటింట్లో చెబితే సరిపోదు" అన్నాడు. "గొర్రె చెవి మార్చేవాడి బెంచీ అన్నాను కదా, దాని మీద నేనే కూర్చున్నాను."

ఎవరూ నవ్వలేదు. హల్వర్ లేచాడు. మొహం బీట్‌రూటులా ఎర్రగా ఉంది.

"మా నాన్న తుపాకీ మీద దొంగ అచ్చు కొడతావా? నన్ను ఏడిపించావు కదరా! నీ చెయ్యి పట్టుకుని ఏడ్చాను!"

"అవును" అన్నాడు తొర్గ్రిమన్న.

"అవునట! ఇంకేం చెప్పలేవా?"

"ఇంకేం లేదు హల్వర్."

హల్వర్ కొట్టేస్తాడేమో అనిపించింది. కానీ తిరిగి చూస్తే చివరి బెంచీలో గున్వోరక్క ఉంది, ఒళ్ళో ఎర్ర అంచు తొడుగు పెట్టుకుని. అతనికి తను అన్న పిల్లి మాట గుర్తొచ్చి ఉంటుంది. గట్టిగా ఊపిరి వదిలి నా దగ్గరికి వచ్చి నా చేతిలోంచి కాఫీ కూజా లాక్కున్నాడు. ఆ మనిషి జన్మలో ఎవరికీ కాఫీ పోసి ఎరగడు. చివరి బెంచీ దాకా వెళ్ళి ఆమె కప్పు నింపాడు. సగం సాసరులోకి పోయింది.

"అక్కా, మా నాన్న మీ వంటింట్లో ఎక్కడ కూర్చున్నాడు?" అని అడిగాడు.

"పొయ్యి పక్కన. మోకాలు ఊపుతూ కూర్చున్నాడు. నువ్వూ అలాగే ఊపుతావు" అందామె.

పాత వస్తువుల ఇంటినుంచి తుపాకీ తెచ్చారు. తొర్గ్రిమన్న దొంగ బోల్టు తీసి బెంచీ మీద పెట్టాడు. అసలు బోల్టును గున్వోరక్క చేతికిచ్చాడు, ఆమె హల్వర్ చేతికిచ్చింది. అతను తోశాడు. సన్నటి శబ్దం, పెదవులు కలిసినట్టు. దొంగ బోల్టును తోస్తే చివర్లో కొంచెం గరగరమనేదట, ఆ గరగర పోవడానికి తొర్గ్రిమన్న ఎన్నోసార్లు నూనె వేశాడట. ఈసారి ఆ సన్నటి శబ్దం విని ఆయన తల దించుకున్నాడు.

బెంచీ మీది బోల్టును తీసి జేబులో వేసుకోబోయాడు. "ఆ నంబరు అరగదీసేస్తాను."

"వద్దు" అంది గున్వోరక్క. "నా గడియారం ఇంకా ఆగే ఉంది. గుండులోంచి ఇనుము తీశావు, మళ్ళీ ఇనుము కావద్దూ? అదే వెయ్యి. నంబరుతో సహా."

ఆయన వేశాడు. పక్కనే కూర్చుని ఆమె చూస్తుండగా ఇసుక నింపి మూత టంకం వేశాడు, కొత్త గొలుసు కట్టాడు. అంకెల అచ్చుల డబ్బా కూడా ఆమె ఇంట్లోనే వదిలేశాడు. ఆమె దాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు ఆయన బాగుచేసే తుపాకులకు సొంత బోల్టు లేకపోతే, "ఈ బోల్టు వేరే ఇంటిది" అని తనే ముందు చెబుతాడు. బెర్గెన్ ఆయన మళ్ళీ రాలేదు.

మొన్న చలికాలం కూడా మంచు తోయడానికి వెళ్ళాడు. కాఫీకి లోపల కూర్చోవలసిందే, అక్క ఊరుకోదు. ఆయన గడియారానికి వీపు పెట్టే కుర్చీ కోసం చూస్తాడు. అక్క ముందే దాని మీద ఊలుబుట్ట పెట్టేసి ఉంటుంది. ఎదురుగా ఉన్న కుర్చీ ఒక్కటే ఖాళీ. శనివారమైతే ఆమె లేచి గొలుసు లాగుతుంది, గుండు ఆయన కళ్ళెదురుగా కిటకిటమంటూ పైకి వెళ్తుంది. "తాగు నాయనా, చల్లారిపోతుంది" అంటుంది. ఆయన తాగుతాడు. ఆ మధ్య నేనూ అక్కడే ఉన్నాను. కప్పు పట్టుకున్న ఆయన చేతి గోళ్ళలో నల్లగీత అలాగే ఉంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.